చీనాలో మృతుల నాణెములు

చీనాదేశమున కాగితపు నాణెము బ్రదికియున్నవారి సంతలో చెల్లుటకు ముందే మృతుల లోకమున చెల్లినది. సెచువాన్ మండలమున ప్రభుత్వము కాగితపు ద్రవ్యమును ముద్రించి చలామణిలో పెట్టిన సంవత్సరము 1024. అంతకు కొలది కాలము ముందు, పదవ శతాబ్ది చివరి సంవత్సరములలో, చెంగ్‌డు నగర వర్తకులు ఇనుప నాణెముల బరువు మోయలేక కాగితపు రసీదులు వ్రాసి ఇచ్చి పుచ్చుకొనుచుండిరి. కాని ఎనిమిదవ శతాబ్ది పూర్వార్ధముననే, తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ కొలువులో, వాంగ్ యూ అను అధికారి పూజాదికములలో కాగితపు నాణెములను దహించుచుండెనని ఆ వంశచరిత్రలు చెప్పుచున్నవి. ఆ పని మంత్రగాండ్ర తంతువలె నున్నదని చరిత్రకారులు నిరసించిరి. అయినను వాంగ్ యూ దానిని కనిపెట్టినవాడు కాడు. అప్పటికే జనసామాన్యములో పాతుకొనియున్న వాడుకను అతడు రాజపూజలోనికి ఎక్కించినాడు, అంతే.

బూడిద కానున్న కాగితమును ధనమని పంపుట మౌఢ్యము కాదా అని అడుగుట సులభము. ఆ ప్రశ్న చీనీయులకు కొత్తదేమియు కాదు. వెయ్యి సంవత్సరములకు ముందే వారిలోని పెద్దలు దానిని తమలో తాము వాదించుకొన్నారు. ఆ వాదము మనకు అర్థము కావలెనన్న, కాగితము దేని స్థానమును ఆక్రమించినదో ముందుగా తెలిసికొనవలెను.

హోనాన్ మండలములోని అన్యాంగ్ దగ్గర షాంగ్ రాజుల కడపటి రాజధాని శిథిలములు కలవు. అక్కడ 1976లో ఫూ హావో అను రాణి సమాధి చెక్కుచెదరకుండ బయటపడినది. క్రీస్తునకు పూర్వము సుమారు 1200 నాటి ఆ సమాధిలో కంచుపాత్రలు, పచ్చరాతి బొమ్మలు, ఆరువేలకు పైబడిన గవ్వలు ఉన్నవి. గవ్వ ఆనాటి ధనము. వానితో పాటు పదునారుగురు మనుష్యుల అస్థులును ఉన్నవి. పరలోకమున రాణికి పరిచర్య చేయుటకై వారిని చంపి పాతిపెట్టినారు. ఆ ప్రాంతపు రాజసమాధులలో ఇట్టి బలుల సంఖ్య ఇంకను పెద్దది.

ఈ ఆచారము షాంగ్ వంశముతో అంతరించలేదు. క్రీ. పూ. 621లో పడమటనున్న చిన్ రాజ్యపు ప్రభువు మూ మరణించినపుడు నూటడెబ్బది యేడుగురిని ఆయన వెంట పంపినారని సీమా చియెన్ తన మహాచరిత్రలో వ్రాసినాడు. వారిలో ముగ్గురు సోదరులు, మంచివారని పేరొందినవారు, ఉండిరి. చీనీయుల ప్రాచీన గీతసంహితలో వారిని గూర్చిన విలాపగీతమొకటి నేటికిని నిలిచియున్నది. ఇరువదియారు శతాబ్దముల క్రిందట ఒక కవి, పేరు చెప్పుకొనకుండ, రాజమర్యాదను కాదని చచ్చినవారి పక్షమున నిలిచినాడు. చిన్ రాజ్యము ఈ సహగమనబలిని నిషేధించినది క్రీ. పూ. 384లో. అనగా ఆ గీతము పుట్టిన తరువాత రెండువందల ముప్పది సంవత్సరములకు పైగా గడచినవి.

మనుష్యుని స్థానమున బొమ్మ వచ్చినది. కొయ్యతోను, మట్టితోను చేసిన సేవకులు, వంటవారు, గాయకులు సమాధులలో చేరినారు. అదే చిన్ రాజ్యమున పుట్టి దేశమునంతటిని ఏకము చేసిన తొలి చక్రవర్తి క్రీ. పూ. 210లో మరణించినపుడు ఆయన వెంట మట్టి సైన్యము వెళ్లినది. 1974లో బావి త్రవ్వుచున్న రైతుల గునపములకు తగిలిన ఆ సైనికులు ఎనిమిదివేల వరకు ఉందురని అంచనా.

కన్ఫ్యూషియస్‌నకు ఈ బొమ్మలు నచ్చలేదు. మనిషిని అంతగా పోలిన బొమ్మను పాతిపెట్ట నేర్చిన చేయి మనిషిని పాతిపెట్టుటకును వెనుదీయదని ఆయన భయము. గడ్డితో చేసిన మోటు రూపములే మేలని ఆయన అభిప్రాయపడినట్లు సంప్రదాయ గ్రంథములు చెప్పుచున్నవి. చరిత్రక్రమము ఇందుకు తలక్రిందులు. మనిషి ముందు, బొమ్మ వెనుక. అయినను ఆయన భయమునకు ఆధారము లేకపోలేదు. మూ ప్రభువు సమాధిలోనికి వెళ్లిన నూటడెబ్బది యేడుగురి జ్ఞాపకము అప్పటికి ఇంకను పచ్చిగనే ఉన్నది.

ఆయన శిష్యపరంపరవారు కూర్చిన ఆచారగ్రంథములో ఈ విషయమై ఒక లోతైన ఆలోచన కనబడును. మృతులను బొత్తిగా లేనివారినిగా చూచుట దయలేనితనము. వారిని బ్రదికియున్నవారినిగా చూచుట తెలివిలేనితనము. కావున వారికిచ్చు వస్తువు ఈ రెంటికి నడుమ నుండవలెను. వెదురుబుట్ట అల్లుదురు, కాని వాడుకకు పనికివచ్చునట్లు కాదు. వీణకు తంత్రులు బిగింతురు, కాని శ్రుతి చేయరు. గంటలు ఉండును, వానిని వ్రేలాడదీయు చట్రము ఉండదు. ఇట్టి వస్తువులకు ‘మింగ్‌చీ’ అని పేరు. ప్రకాశపాత్రలనియో ఆత్మపాత్రలనియో మనము చెప్పుకొనవచ్చును. వస్తువులోని ఆ కొరతయే దాని అర్థము. చనిపోయినవారు రారని తెలియును, అయినను వారిని పంపివేయుటకు మనసొప్పదు. ఆ రెండు భావములను ఒకే పాత్రలో ఇమిడ్చినారు.

ధనము విషయమునను ఇదే మార్పు వచ్చినది. హాన్ వంశకాలమున మృతునితో నిజమైన నాణెములను పాతిపెట్టుట మర్యాద. దానివలన మృతులకు కలిగిన లాభమెట్లున్నను దొంగలకు మాత్రము లాభము కలిగినది. వెన్ చక్రవర్తి సమాధివనమున పాతిపెట్టిన నాణెములను ఎవరో త్రవ్వికొనిపోగా మంత్రులు కలతపడిన సంగతి సీమా చియెన్ చరిత్రలోనే కలదు. మట్టి నాణెములు కూడ ఆ కాలముననే కనబడుచున్నవి. చాంగ్షా సమీపమున మావాంగ్‌దుయిలో 1972లో త్రవ్విన ఒక ప్రభుపత్ని సమాధిలో పట్టుబట్టలు, లక్కపాత్రలు నిజమైనవే, నాణెములు మాత్రము మట్టివి. మృతులకు అక్కరకువచ్చునది లోహము కాదు, గుర్తు అను భావము అప్పటికే స్థిరపడినది.

కాగితము తయారుచేయు పద్ధతిని త్సాయ్ లున్ అను రాజోద్యోగి 105లో చక్రవర్తికి నివేదించినాడు. అంతకు పూర్వమే ముతక కాగితము ఉండినదని త్రవ్వకములవలన తెలియుచున్నది. చౌకగా, తేలికగా, కోరిన ఆకారమునకు కత్తిరించుటకు వీలుగానున్న ఈ వస్తువు మట్టిని తొలగించి దాని స్థానమును తీసికొనుటలో వింత లేదు. మధ్యాసియా ఎడారి అంచుననున్న తుర్ఫాన్ దగ్గర అస్తానా శ్మశానమున, వానలు లేని పొడినేల కారణముగ, ఆనాటి కాగితములు చెడకుండ దొరకినవి. అక్కడివారు మృతులకు తొడిగిన చెప్పులు, టోపీలు, నడికట్లు పాత దస్తావేజుల కాగితముతో చేసినవి. 1973లో అక్కడి ఒక సమాధినుండి కాగితపు శవపేటిక బయటపడినది. దాని పొరలను విప్పిచూడగా 754, 755 సంవత్సరముల నాటి రహదారి మజిలీల లెక్కలు. ఏ అధికారి గుఱ్ఱములకు ఎంత దాణా పెట్టిరో వ్రాసిన పద్దులు. ఆ పద్దులలోని త్సెన్ అను అధికారి, సరిహద్దు యుద్ధభూములను, మంచుకొండలను పాడిన తాంగ్ మహాకవి త్సెన్ షెన్ అని పండితులు గుర్తించినారు. కవి గుఱ్ఱములు తిన్న దాణా లెక్క ఒక మృతుని శవపేటికయై పన్నెండువందల యేండ్లు నిలిచినది.

ఇక నిప్పు. పాతిపెట్టుట మాని కాల్చుట ఎందుకు వచ్చినది? హవ్యవాహనుడైన అగ్నిని ఎరిగిన మనకు, ఇది భారతదేశమునుండి వెళ్లినదని తోచుట సహజము. ఆ తొందర తగదు. కట్టెలు పేర్చి బలిద్రవ్యమును కాల్చి పొగను ఆకాశమునకు పంపు పూజ షాంగ్ రాజుల ఎముకలపై చెక్కిన శాసనములలోనే ఉన్నది. పట్టుబట్టను దేవతలకు దహించుటయు పాతదే. నిప్పు చీనీయుల సొంతము.

మనదేశమునుండి వెళ్లినది వేఱొకటి కలదు. రాజగృహ ప్రాంతమున పుట్టి బుద్ధుని ముఖ్యశిష్యులలో ఒకడైన మౌద్గల్యాయనుడు, ప్రేతలోకమున ఆకలితో అలమటించుచున్న తన తల్లిని దివ్యదృష్టితో చూచి, ఆమెకు అన్నము పెట్టబోగా అది నిప్పుకణికలై పోయినదట. ఏడవ నెల పూర్ణిమనాడు భిక్షుసంఘమునకు అన్నదానము చేసి ఆ పుణ్యమును తల్లికి ధారవోయుమని బుద్ధుడు చెప్పినాడు. ఉల్లంబన సూత్రమను పేర ఈ కథ చీనాభాషలో ప్రసిద్ధము. ఆ సూత్రము ఇప్పుడున్న రూపమున చీనాలోనే కూర్చబడినదని పలువురు పండితుల అభిప్రాయము. మౌద్గల్యాయనుడు ‘ములియెన్’ అయినాడు. దున్‌హ్వాంగ్ గుహలో దొరకిన ములియెన్ కథాప్రతులలో ఒకటి 921 నాటిది. అందులో అతడు నరకములన్నిటిని గాలించి తల్లిని వెదకును. మన యమధర్మరాజు అక్కడ ‘యెన్‌లో’ అయి, పదిమంది నరకరాజులలో ఒకడై, గుమాస్తాల నడుమ దస్త్రములు తిరగవేయుచు కూర్చున్నాడు.

ఆ దస్త్రముల లోకమునకు తగినట్లు మరియొక నమ్మకము పెరిగినది. ప్రతి మనుష్యుడును ఈ జన్మమును పొందుటకై పరలోకపు ఖజానానుండి అప్పు తెచ్చుకొన్నవాడే. ఆ అప్పును కాగితపు నాణెములతో తీర్చవలెను. మనకును పితృఋణము కలదు. అయితే దానిని సంతానముచేతను శ్రాద్ధముచేతను తీర్చుమని మన శాస్త్రములు చెప్పగా, చీనీయులు ఖాతా తెరచి, ఎవరు ఏ సంవత్సరమున పుట్టిరో దానినిబట్టి ఎంత చెల్లవలెనో పట్టికలు వేసినారు. ఉల్లంబన సూత్రములో కాగితము ప్రసక్తి లేదు. అక్కడ అన్నము, భిక్షువులు, పుణ్యము మాత్రమే. అన్నమును మనమిచ్చినాము, కాగితమును వారు చేర్చినారు.

సొంగ్ రాజధాని కైఫెంగ్ 1127లో జుర్చెన్ దండులకు లోబడిన తరువాత, దక్షిణమునకు తరలివచ్చిన మెంగ్ యువాన్‌లావ్ అను నతడు పోయిన నగరమును తలచుకొని ఒక గ్రంథము వ్రాసినాడు. దాని పీఠిక తేది 1147. చింగ్‌మింగ్ పండుగనాడు కాగితపు దుకాణములవారు వీధులలో కాగితములను మేడల ఆకారమున పేర్చుట, ఏడవ నెలలో కాగితపు చెప్పులు, టోపీలు, బంగారు మొలకట్లు, రంగురంగుల బట్టలు అమ్ముట, పూర్ణిమవరకు నాటకశాలలలో ములియెన్ తల్లిని రక్షించిన కథ ఆడుట, పదవ నెల మొదటి దినమున కాల్చుటకై తొమ్మిదవ నెల చివరనే చలిబట్టలు అంగళ్లకు వచ్చుట, అన్నియు అందులో కలవు. చలికాలము వచ్చుచున్నది, అమ్మకు దుప్పటి లేదు అను దిగులు ఆ అంగళ్లను నడిపినది. తరువాతి శతాబ్దమున మార్కోపోలో కూడ, శవముతో పాటు కాగితపు సేవకులను, గుఱ్ఱములను, ద్రవ్యమును కాల్చుటను వ్రాసినాడు. 1637లో వృత్తివిద్యలన్నిటిని సంగ్రహించిన సొంగ్ యింగ్‌షింగ్, ముతక వెదురుకాగితములో పదింట ఏడుపాళ్లు మృతులకై కాల్చుటకును, మూడుపాళ్లు మాత్రమే నిత్యపు వాడుకకును పోవుచున్నవని లెక్క చెప్పినాడు. మధ్యచీనాలో ఒకేమారు వెయ్యి చిన్‌ల కాగితమును, అనగా ఇంచుమించు ఆరువందల కిలోలను, కాల్చు ఆడంబరము ఉన్నదనియు వ్రాసినాడు. హాంగ్‌చౌ, షావ్‌షింగ్ పట్టణములలో తగరమును సుత్తెలతో పలుచని రేకుగా సాగగొట్టి కాగితమునకు అంటించు పని వేలకొలది కుటుంబములకు కూడు పెట్టినది. తెల్లని రేకు వెండి, దానిపై పసుపుపూత వేసిన బంగారము. స్థూలముగ చెప్పవలెనన్న బంగారు కాగితము దేవతలకు, వెండి కాగితము పితరులకు.

ఇంత వ్యాపారము సాగుచుండగా విమర్శ రాకుండుట ఎట్లు? ప్రసిద్ధ చరిత్రకారుడు సీమా గ్వాంగ్ (1019–1086) దీనిని ఒప్పుకొనలేదు. పరామర్శకు వచ్చిన బంధుమిత్రులు కాగితపు నాణెములు తెచ్చి కాల్చిపోవుదురు, మిగులునది బూడిద, చావు ఖర్చులతో క్రుంగియున్న ఇంటివారికి దానివలన ఏమి మేలు? దానికి బదులు నిజమైన సొమ్మో గుడ్డయో ఇచ్చి ఆదుకొనరాదా? ఇది ఆయన వాదము. ఇందులో కరుణ ఉన్నది, తర్కము ఉన్నది. దీనికి సమాధానము చెప్పుట కష్టము.

ఆయనకు మిత్రుడును, లోయాంగ్‌లో పొరుగువాడునైన తత్త్వవేత్త షావ్ యుంగ్ (1011–1077) మాత్రము తన ఇంట వసంత శరత్కాలపు పితృపూజలలో కాగితపు నాణెములు కాల్చుచుండెను. అంతటి విజ్ఞుడు ఈ పని చేయుట చూచి చెంగ్ యీ ఆశ్చర్యపడి అడిగినాడట. ఇది ప్రాచీనుల మింగ్‌చీ భావమే అని షావ్ యుంగ్ బదులు చెప్పినట్లు ఆయన కుమారుడు వ్రాసిపెట్టినాడు. ఒకవేళ దీనివలన వారికి ఏదేని ఉపకారము కలుగునేని, చేయకుండ ఊరకుండుట బిడ్డల మనసునకు తగునా అని ఆయన భావము.

ఈ సమాధానములో పరలోకము ఉన్నదను పట్టుదల లేదు. లేదను ధీమాయు లేదు. కాగితపు నాణెము చెల్లునని ఆయన అనలేదు. చెల్లునో చెల్లదో తెలియని చోట, ప్రేమ ఏ పక్షమున తప్పుచేయవలెనో దానిని మాత్రము నిర్ణయించుకొన్నాడు. నలువది పుటల తర్కముకంటె ఈ చిన్నమాట చీనీయుల ఆచారమును ఎక్కువగ తేటపరచుచున్నది.

జనులు తమ నమ్మకమును చూచి తామే నవ్వుకొనగలరని చూపు కథయొకటి కలదు. త్సాయ్ లున్ అన్న త్సాయ్ మో కాగితము చేయ నేర్చినాడు, కాని నాసిరకము, ఎవరును కొనలేదు. భార్య హుయినియాంగ్ ఒక ఉపాయము పన్నినది. చచ్చినట్లు పెట్టెలో పండుకొన్నది. భర్త ఏడ్చుచు పెట్టె ముందర కాగితములు కాల్చినాడు. కొంతసేపటికి లోపలినుండి తట్టిన చప్పుడు. లేచివచ్చిన ఆమె, పాతాళమున నన్ను తిరుగలి త్రిప్పించినారు, నా మగడు పంపిన డబ్బు లంచమిచ్చి విడిపించుకొని వచ్చినాను అని ఊరివారికి చెప్పినది. కొట్టులోని కాగితమంతయు ఆ పూటనే అమ్ముడుపోయినదట. ఈ కథ చెప్పుకొని నవ్వినవారే చింగ్‌మింగ్‌నాడు కాగితము కొని సమాధికి పోవుదురు. కథ తెలియక మోసపోయినవారు కారు.

ఇరువదవ శతాబ్దమున ప్రభుత్వములు ఈ ఆచారముపై పూనుకొన్నవి. జాతీయవాదుల ప్రభుత్వము 1928 తరువాత మూఢాచారనిర్మూలనమను పేర దీనిని అణచజూచినది. 1966లో సాంస్కృతిక విప్లవము మొదలైనపుడు ఎర్రదళములు పితరుల నామఫలకములను పగులగొట్టినవి. ఆ యేడు నవంబరులో చూఫూలోని కన్ఫ్యూషియస్ సమాధిని సైతము త్రవ్వి పాడుచేసినవి. కాగితము కాల్చుట నేరముతో సమానమైనది. పది సంవత్సరములు దుఃఖమునకు నిప్పు దొరకలేదు.

దుఃఖము మాత్రము ఆగలేదు. ప్రధానమంత్రి చౌ ఎన్‌లై 1976 జనవరి 8న మరణించినాడు. ఆ యేటి చింగ్‌మింగ్ నాటికి పెకింగ్ నడిబొడ్డున, ప్రజావీరుల స్మారకస్తంభము చుట్టు, లక్షలాది జనులు కాగితపు పూలదండలు తెచ్చి పేర్చినారు. తెల్లకాగితపు పూలు గుండెలకు గుచ్చుకొన్నారు. కాగితములపై పద్యములు వ్రాసి దండలకు కట్టినారు, గట్టిగా చదివినారు, విన్నవారు వ్రాసికొన్నారు. ఏప్రిల్ 4 రాత్రి అధికారులు దండలన్నిటిని తీయించివేయగా మరునాడు అలజడి చెలరేగినది. ఆ పద్యములను కొందరు అధ్యాపకులు రహస్యముగ దాచి, తరువాత సంపుటములుగ అచ్చువేసినారు. అప్పుడు విప్లవవ్యతిరేకమని ముద్రవేసిన ఆ ఘట్టమును ప్రభుత్వమే 1978లో న్యాయమైనదిగ ఒప్పుకొన్నది. మృతునికి అర్పించిన కాగితము ఆనాడు బ్రదికియున్నవారి గొంతుకగా మారినది.

తరువాత పట్టు సడలినది. మూఢనమ్మకములకు సంబంధించిన అంత్యక్రియల వస్తువులను తయారుచేయరాదు, అమ్మరాదు అని 1997 నాటి చట్టము చెప్పుచుండగనే, 2008లో చింగ్‌మింగ్ ప్రభుత్వ సెలవుదినమైనది. హాంగ్‌కాంగ్, తైవాన్, సింగపూరు, మలయా ప్రాంతములలో ఈ ఆచారము ఎన్నడును తెగలేదు. అక్కడి పనివారు వెదురుబద్దల చట్రమునకు రంగుకాగితములు అంటించి మేడలు, కారులు, సెల్‌ఫోనులు చేయుదురు. పాతాళపు బ్యాంకు పేర అచ్చైన నోట్లపై సున్నలు లెక్కకు మించినవి. 2016లో ఇటలీకి చెందిన పేరుపొందిన సంచుల కంపెనీయొకటి, తమ సంచులను కాగితముతో అనుకరించవద్దని హాంగ్‌కాంగ్ దుకాణములకు జాబులు పంపి, జనులు మండిపడగా క్షమాపణ చెప్పుకొన్నది. ఎనుబదేండ్ల తల్లి బ్రదికియుండగా కొనలేని సంచిని, కొడుకు కాగితముతో కొని పంపుచున్నాడు. దానిని దొంగనకలు అనుట ఆ కంపెనీకి చెల్లలేదు.

పొగవలన గాలి చెడుచున్నదని నేడు నగరములు కాల్చుటకు ప్రత్యేక స్థలములు, పొయ్యిలు ఏర్పరచినవి. సీమా గ్వాంగ్ వాదము ఈ రూపమున మరల వచ్చినది. అది నేటికిని త్రోసిపుచ్చదగినది కాదు.

ఈ కాగితపు పొగ మనదేశములోను లేచుచున్నది. కలకత్తాకు దక్షిణమున, బడ్జ్‌బడ్జ్ దాటిన తరువాత, హుగ్లీ ఒడ్డున అచ్చీపూర్ అను గ్రామము కలదు. వారన్ హేస్టింగ్స్ కాలమున భూమి పొంది అక్కడ చెరకు పండించి చక్కెర తీయించిన టాంగ్ అచ్యూ పేరనే ఆ ఊరు వెలసినది. గుఱ్ఱపులాడపు ఆకారమున ఎఱ్ఱరంగు వేసిన ఆయన సమాధి నదికి ఎదురుగ ఉన్నది. ఏటేటను చీనా నూతన సంవత్సరము పిమ్మట కలకత్తా చీనీయులు అక్కడికి పోయి ధూపమువేసి, ఫలహారములు పెట్టి, కాగితము కాల్చుదురు. వారు తరువాతి కాలములలో వేర్వేరు ఊళ్లనుండి వచ్చి తోళ్లపనిలోను, వడ్రంగములోను, ఇతర వృత్తులలోను స్థిరపడిన కుటుంబముల సంతతి. 1962 యుద్ధసమయమున భారతదేశపు చీనీయులలో అనేకులను రాజస్థానములోని దేవలీ శిబిరమున నిర్బంధించినారు. విడుదలైన పిమ్మట ఎందరో కెనడా మొదలగు దేశములకు వెళ్లిపోయినారు. మిగిలినవారు కొందరే. అయినను ఆ కొందరు ఏటేటను, తమకు మూలపురుషునిగా ఎంచుకొన్న ఒక పరాయివానికి, నదిఒడ్డున కాగితపు నాణెములు పంపుచున్నారు. వెళ్లిపోయినవారిలో కొందరు ఆ దినమునకు సముద్రములు దాటి తిరిగి వచ్చుచున్నారు.

ఆ నాణెములు అచ్యూకు చేరునో లేదో ఎవరును చెప్పలేరు. షావ్ యుంగ్ కూడ చెప్పలేదు. కాల్చినవారు ఒకరినొకరు కలిసికొని, భుజించి, పిల్లలకు ఆ పేరు చెప్పి ఇంటికి పోవుదురు.